ప్లాస్టిక్ చెయ్యి, నీలం గళ్ళ గుడ్డ

ప్లాస్టిక్ చెయ్యి పెరట్లో వెల్లకిలా పడి ఉంది. దాని చూపుడు వేలు బట్టలుతికే బండ పక్కన దొరికింది. మధ్య వేలు ఇంకా బొగ్గు నోట్లోనే ఉంది.

బొగ్గు అంటే మా కుక్క. నల్లగా ఉంటుందని ఆ పేరు. స్తంభానికి కట్టిన గొలుసు బిగుసుకుపోయేలా ముందుకు లాగుతూ, పడి ఉన్న ఆ చేతిని చూసి ఇంకా గుర్రుమంటూనే ఉంది. ఇన్నేళ్ళుగా కాళ్ళ దగ్గర పడి నిద్రపోయే కుక్క. దాని పళ్ళన్నీ ఒకేసారి నేనెప్పుడూ చూసి ఎరగను.

మా చిన్న మనవరాలు చీపురు కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇందాకటిదాకా ఆ చెయ్యి ఉన్నది ఆ కర్ర చివరే. ఇప్పుడు అక్కడ నీలం గళ్ళ గుడ్డ ఒకటి వేలాడుతోంది, అంతే.

వెనక గుమ్మంలో మా పెద్ద మనవరాలి మొగుడు నిలబడి ఉన్నాడు. కట్టు కట్టిన ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని, ఎంతో జాలిగా తలూపాడు.

"నేను చెబితే పగతో చెబుతున్నాననుకున్నారు. ఇప్పుడు చదువే చెప్పింది కదా," అన్నాడు.

ఆయన మాట ఎప్పుడూ మెత్తన. మందుల షాపులో ముసలివాళ్ళకి ఏ మాత్ర ఎప్పుడు మింగాలో చెప్పి చెప్పి ఆ మెత్తదనం వచ్చిందంటుంది మా కోడలు. మా వీధిలో అందరూ ఆయన్ని మాత్రలబాబు అంటారు. కొంచెం నలతగా ఉన్నా డాక్టరు దగ్గరికి పోకుండా ముందు ఆయన దగ్గరికే వస్తారు.

పోయిన ఆదివారం బొగ్గు ఆయన చేతిని కరిచిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు. గిన్నె పెడుతుంటే కరిచిందని ఆయన చెప్పాడు. తిండి పెట్టే చేతినే పట్టుకున్న కుక్క రేపు ఎవరి మెడ పట్టుకుంటుందో అని మా అబ్బాయి భయపడ్డాడు. మునిసిపాలిటీ బండికి ఇచ్చేద్దామన్నాడు. ఆ బండి ఎక్కిన కుక్క తిరిగి రాదు, సూది వేసి చంపేస్తారు. చిన్నది ఏడ్చి, మొత్తుకుని, చివరికి తండ్రి దగ్గర ఒక మాట పుచ్చుకుంది. యూనివర్సిటీలో కుక్కలకి చేసే పరీక్ష మన బొగ్గుకీ చేస్తాను, నెగ్గితే ఉంచండి, ఓడితే మీ ఇష్టం అంది.

ఆ పరీక్షే ఇది.

మా అబ్బాయికి మోకాలి ఆపరేషన్ అయినప్పటినుంచి పెరటి మెట్టు దిగడం కష్టం. వంటింటి కిటికీలోంచే అంతా చూశాడు. "మాటంటే మాటేనమ్మా," అన్నాడు కూతురితో. "బండికి ఫోన్ చేస్తున్నాను. మధ్యాహ్నానికి వస్తారు."

ఎవరేమన్నా ఎదురు చెప్పకుండా ఉండలేని పిల్ల అది. నోరు మెదపకుండా ఉంటే నాకే భయం వేసింది.

పెద్దదీ మొగుడూ ఉండే పై వాటాకి వెళ్ళే మెట్లు పెరట్లోంచే ఉంటాయి. ఆ మెట్ల మధ్యలో పెద్దది ఖాళీ బకెట్ పట్టుకుని నిలబడి ఉంది. తండ్రి మాట విని, బకెట్ నింపుకోకుండానే వెనక్కి తిరిగి పైకి వెళ్ళిపోయింది.

బొగ్గు తోక ఊపుతూ పెద్దదాని వంకే చూసింది. నోట్లో వేలు ఇంకా అలాగే ఉంది.

*

చిన్నదాని చదువేమిటో ఇప్పటికీ నాకు సరిగ్గా చెప్పడం రాదు. జంతువుల డాక్టరా అని అడుగుతారు అందరూ. కాదట. వీళ్ళు రోగాలు చూడరట. జంతువు ఏం చేస్తోంది, ఎందుకు చేస్తోంది, దాని బతుకు దానికి బాగుందా లేదా అని చూస్తారట. మొదట్లో ఆ మాట విని మా కోడలు కుట్టుమిషను ఆపి మరీ నవ్వింది. నా బతుకు బాగుందా అని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు, కోడిని అడగడానికి యూనివర్సిటీ కట్టారా అంది.

మొదటి సెలవులకి వచ్చినప్పుడు చిన్నదానికి ఇంట్లో మనుషుల్ని కూడా అలాగే చూసే జబ్బు పట్టుకుంది. కుక్కకి భయం వేస్తే మొరగాలని లేదట. ముఖం పక్కకి తిప్పుకుంటుందట, నాలుకతో పెదవి తడుపుకుంటుందట, నిద్ర రాకపోయినా ఆవలిస్తుందట. భోజనాల దగ్గర కూర్చుని, ఇదిగో నాన్న ముఖం తిప్పాడు, అమ్మ ఏదో అడగబోతోందని తెలిసిపోయింది అనేది. ఆ లెక్కన మీ తాత నన్ను పెళ్ళాడిన రోజు నుంచి పోయేదాకా భయపడుతూనే బతికాడే అన్నాను నేను. అందరం పగలబడి నవ్వాం. పెద్దది కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పటికి దానికి పెళ్ళి కాలేదు.

ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పింది చిన్నది. "కదలకుండా ఉందంటే నెమ్మదిగా ఉందని కాదు నానమ్మా. పారిపోయే దారి లేకపోయినా కదలదు," అంది. నేను వెల్లుల్లి ఒలుచుకుంటూ ఊఁ కొట్టాను. చాలా మాటలు అప్పుడు ఊఁ కొట్టి ఊరుకుంటాం. తరవాతెప్పుడో తలుపు తడతాయి.

ఈ ప్లాస్టిక్ చెయ్యి కథ కూడా చిన్నదే చెప్పింది. బట్టల షాపు బొమ్మలకి ఉండే చెయ్యట. ఆదరువు లేని కుక్కల్ని ఎవరికైనా పెంపకానికి ఇచ్చే ముందు, ఈ చేతిని కర్రకి కట్టి, కుక్క తింటుండగా వీపు నిమురుతారు, గిన్నె దగ్గరికి తెస్తారు, మెల్లగా గిన్నె లాగుతారు. తోక ఊపుతూ తింటే నెగ్గినట్టు. బిగుసుకుపోతే ఒక లెక్క, గుర్రుమంటే ఒక లెక్క, కరిస్తే ఓడినట్టు. మనిషి చెయ్యి పోకుండా ఈ ఏర్పాటు. పాఠం చెప్పే మేడమ్‌ని బతిమాలి ఆ చేతిని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. బస్సులో పక్కన కూర్చున్నావిడ సంచిలోంచి వేళ్ళు చూసి లేచి వెళ్ళిపోయిందట.

దానికి తొడిగే చొక్కా చెయ్యి ఒకటి ఉండాలి. అది యూనివర్సిటీలోనే ఉతుకులో ఉండిపోయింది. వట్టి ప్లాస్టిక్ కనపడితే కుక్క దాన్ని బొమ్మ అనుకుంటుందని, పొద్దున నేను పక్కింట్లో ఉండగా గుడ్డల మూట విప్పి చేతికందిన గుడ్డ తీసి తొడిగేసింది.

అల్లుడు షాపుకి వెళ్ళాక, చిన్నది బట్టలుతికే బండ మీద కూర్చుని మేడమ్‌కి ఫోన్ చేసింది. నేను పీట వేసుకుని వెల్లుల్లి పెట్టుకున్నాను. ఆవిడ ముందు బాగా చివాట్లు పెట్టినట్టుంది. సొంత కుక్కకి సొంతంగా ఎవరైనా పరీక్ష చేస్తారా అని. చిన్నది, అవును మేడమ్, తప్పే మేడమ్ అంటోంది. తరవాత ఆవిడ ఏదో అడిగింది. చిన్నది మాట ఆపి, కర్రకి వేలాడుతున్న నీలం గళ్ళ గుడ్డ వంక చూసింది.

"పాత గుడ్డ మేడమ్. ఎవరిదో తెలియదు."

ఫోన్ పెట్టేసింది.

ఏమంది మీ మేడమ్ అని అడిగాను. మనిషి వాసన ఉన్న గుడ్డ వేయకూడదట. ఉతికిన గుడ్డే వేయాలట. లేకపోతే అది గిన్నె కోసం కరిచిందో, ఆ మనిషి మీద కరిచిందో ఎలా తెలుస్తుందని అడిగిందట.

*

ఊడిన వేళ్ళు పక్కన పెట్టి, మిగిలిన చేతిని మళ్ళీ కర్రకి కట్టింది చిన్నది. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి కొత్త గుడ్డ ముక్క అడిగి తెచ్చి, గొట్టంలా చుట్టి తొడిగింది. గిన్నెలో మాంసం ముక్కలు వేసి బొగ్గు ముందు పెట్టింది.

నేను ఒలవడం ఆపేశాను.

ప్లాస్టిక్ చెయ్యి బొగ్గు వీపు నిమిరింది. అది తింటూనే ఉంది. చెయ్యి గిన్నెలోకి వచ్చింది. బొగ్గు ఆ చేతినోసారి నాకి, దాన్ని తప్పించుకుని ముక్క తీసుకుంది. గిన్నె లాగితే గిన్నెతో పాటు నడిచింది. తోక ఆగలేదు.

ఈసారి మూటలోంచి వాళ్ళ నాన్న పాత బనియను ముక్క తీసి చుట్టింది. ఇందాకటి కంటే సంబరపడింది బొగ్గు. ఆ గుడ్డలోనే ముఖం పెట్టి రుద్దుకుంది. ఎందుకు రుద్దుకోదు? మా అబ్బాయి బస్సు నడిపే రోజుల్లో, డిపోలో వానకి తడిసి బస్సు చక్రం పక్కన ముడుచుకున్న ఈ కుక్కపిల్లని కోటు లోపల దాచుకుని తెచ్చాడు. ఆ ఒంటి వెచ్చదనమే దానికి మొదటి ఇల్లు.

అప్పుడు చిన్నది నీలం గళ్ళ గుడ్డ తీసింది.

"ఇప్పుడు చేతిని చూడకు నానమ్మా. దాన్ని చూడు," అంది.

చూశాను. గుడ్డ ఇంకా దూరంగా ఉండగానే బొగ్గు తినడం ఆపింది. ముఖం పక్కకి తిప్పుకుంది. నాలుక బయటికి వచ్చి ముక్కు తడుపుకుని లోపలికి పోయింది. తరవాత వెనక్కి, వెనక్కి, గొలుసు ఎంత ఉంటే అంత వెనక్కి జరిగి స్తంభానికి ఒంటిని అదిమి పెట్టింది. ఇంక జరగడానికి చోటు లేదు. అప్పుడు పళ్ళు కనిపించాయి.

చిన్నది కర్ర కింద పడేసింది.

"పొద్దున కూడా ఇలాగే చేసి ఉంటుంది. నేను చేతినే చూస్తూ ఉన్నాను," అంది. "పోదామని చూసింది నానమ్మా. కట్టేసింది నేను. పోయే దారి లేక కరిచింది."

ఆ గుడ్డ నా ఒళ్ళో పెట్టింది. ఎవరిదని అడిగింది.

చూడనక్కర్లేదు, దగ్గరికి తెచ్చుకుంటేనే మందుల షాపు వాసన కొట్టింది. అయినా తిప్పి చూశాను. మణికట్టు దగ్గర బొత్తాం గోధుమరంగుది. ఆ చొక్కాకి మిగతా బొత్తాలన్నీ నీలం. అది ఊడిపోతే మా కోడలు నీలం దొరక్క ఆ బొత్తాం వేసింది, నేను పక్కనే కూర్చుని ఎవరు చూస్తారులే అన్నాను కూడా. తరవాత మేకుకి తగిలి వీపు చిరిగితే ఉతక్కుండానే మూటలో పడేశాడు. తుడుపుగుడ్డలకని చేతులు కత్తిరించింది నేనే.

"మీ బావదే," అన్నాను.

చిన్నది మెట్ల వైపు తలెత్తి చూసింది. పైన తలుపు వేసి ఉంది.

*

పెద్దది గిన్నెలు తోముకోవడానికి కిందికి వచ్చింది. పై వాటాలో నీళ్ళు సన్నగా వస్తాయని పెరటి కుళాయి దగ్గరే తోముకుంటుంది. ఎండ మండిపోతున్నా పొడుగు చేతుల కుర్తా. కుర్తా చేతుల చివర్లు తడిసి సబ్బు నురగ పట్టాయి గానీ పైకి మడుచుకోలేదు.

చిన్నది దాని ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"అక్కా, ఆదివారం బొగ్గుకి గిన్నె ఎవరు పెట్టారు?"

"మీ బావ చెప్పాడుగా."

"నిన్ను అడుగుతున్నాను."

పెద్దది ముఖం పక్కకి తిప్పుకుంది. నాలుకతో పెదవి తడుపుకుంది.

చిన్నది చూసింది. నేను చూశాను. మేం చూశామని పెద్దది కూడా చూసింది.

"అలా చూడకు నన్ను," అంది. "నేను నీ యూనివర్సిటీ కుక్కని కాను."

చిన్నది కళ్ళు దించుకుంది. కుళాయి కారుతోంది. ఎవరూ కట్టలేదు.

"గిన్నె నేనే పెట్టాను," అంది పెద్దది, తోముతున్న గిన్నెతో చెబుతున్నట్టు.

"మరి బావ చెయ్యి దాని దగ్గరికి ఎందుకొచ్చింది?"

"దాని దగ్గరికి రాలేదు. నా దగ్గరికి వచ్చింది. అది మధ్యలోకి వచ్చింది."

చిన్నది చెయ్యి చాచి అక్క మణికట్టు పట్టుకోబోయింది. పెద్దది విదిలించుకోలేదు, తిట్టలేదు. గిన్నె పట్టుకున్నది పట్టుకున్నట్టే బిగుసుకుపోయింది. చిన్నది గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. కాలినట్టు.

చిన్నప్పుడు ఇంట్లో ఏదైనా పగిలితే చిన్నది గోడ దూకి పక్కింట్లో తేలేది. పెద్దది పగిలిన ముక్కల పక్కనే నిలబడి ఉండేది. ఎంత బుద్ధిమంతురాలో అని వీధంతా చెప్పుకునేవాళ్ళు.

నాన్నకి చెబుదాం అంది చిన్నది. ఇప్పుడే, మధ్యాహ్నం లోపల, బండి రాకముందే.

చెప్పి ఏం చేస్తావని అడిగింది పెద్దది. నాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పక్కన పడుకున్నది ఎవరు? రోజూ మోకాలికి మందు రాసేది ఎవరు? కొడుకు లేని లోటు తీర్చాడని నాన్న అందరికీ చెప్పుకుంటాడు. నా మాట నమ్మితే ఆయన్ని పోగొట్టుకుంటాడు, నమ్మకపోతే నన్ను. ఏది జరిగినా నేను చూడలేను అంది.

"అయితే నువ్వు అక్కడి నుంచి వచ్చెయ్యి."

పెద్దది నవ్వింది. ఆ నవ్వు వినలేకపోయాను.

"మొగుడితో పడకపోతే ఎవరైనా పుట్టింటికి వెళ్తారు. నా పుట్టిల్లు మెట్లు దిగితే ఉంది. రోజూ దిగుతున్నాను, రోజూ ఎక్కుతున్నాను. ఇంకెక్కడికి రమ్మంటావు?"

చిన్నది స్తంభం దగ్గరున్న బొగ్గు వంక చూసింది.

"బొగ్గుని చంపేస్తారక్కా," అంది చివరికి.

"తెలుసు."

"నా పరీక్ష వల్ల చంపేస్తారు. అది తప్పు పరీక్ష. ఆ మాట చెప్పానంటే గుడ్డ ఎవరిదని అడుగుతారు. చెప్పకపోతే..."

"అబద్ధం చెప్పమనడం లేదు. ఊరుకోమంటున్నాను. ఊరుకోవడం ఏమంత కష్టం కాదు, అలవాటవుతుంది," అంది పెద్దది. గిన్నెలు బుట్టలో సర్దుకుని లేచి, అప్పుడు నా వంక చూసింది. "విన్నావుగా నానమ్మా. నువ్వూ ఊరుకో."

పోతూ పోతూ బొగ్గు దగ్గర ఆగింది. తడి చేతిని దాని తల మీద పెట్టింది. అది కళ్ళు మూసుకుంది.

*

బండి అతను వచ్చేసరికి అల్లుడు కూడా షాపు నుంచి వచ్చేశాడు. మామగారి మోకాలికి కొత్త మందు గొట్టం తెచ్చాడు. పాతదాని కంటే ఇది వేడిగా ఉంటుంది, రెండు పూటలా రాద్దాం మామయ్యా అని చెప్పాడు. మా అబ్బాయి ఆ గొట్టం వంక చూసిన చూపు, కన్నబిడ్డ మొదటి జీతం తెచ్చి చేతిలో పెడితే చూసే చూపు.

హాల్లోంచి చూస్తే వంటిల్లు, వెనక గుమ్మం, పెరడు అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. బండి అతను పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి, ఉచ్చు ఉన్న పొడుగాటి కడ్డీ గోడకి ఆనించి, ఎండలో నిలబెట్టకండి, త్వరగా తేల్చండి అన్నాడు. ముందు గదిలో మా కోడలి మిషను నడుస్తూనే ఉంది. మనసు బాగోలేనప్పుడు ఆపకుండా కుడుతుంది.

"డాక్టరమ్మా, దిగులు పడకు," అన్నాడు అల్లుడు మరదలితో. "మీ యూనివర్సిటీ నిండా కుక్కలే కదా. మంచిది చూసి ఇంకోటి తెచ్చుకుందువుగాని."

"ఆ పరీక్ష చెల్లదు నాన్నా," అంది చిన్నది.

మా అబ్బాయి చిరాకు పడ్డాడు. ఓడాక పరీక్ష చెల్లదనడం అందరూ చేసే పనే అన్నాడు. చిన్నది వరసగా చెప్పుకొచ్చింది. మనిషి వాసన ఉన్న గుడ్డ వేయకూడదు, నేను తొందరలో వేశాను, తప్పు నాది, వేరే గుడ్డలతో మళ్ళీ చేశాను, నీ బనియనుతో కూడా చేశాను, ఒక్కసారి కూడా పళ్ళు చూపించలేదు, నానమ్మ పక్కనే ఉంది అంది. ఇంతవరకూ చెప్పి ఆగిపోయింది. ఇంకో అడుగు వేస్తే ఎక్కడ పడుతుందో దానికి తెలుసు.

నిజమేరా, నా కళ్ళతో చూశాను అన్నాను.

"ఏదీ ఆ గుడ్డ?"

నా ఒళ్ళోనే ఉంది. ఇవ్వక తప్పలేదు. మా అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఎవరిదిది?"

నేను చిన్నదాని వంక చూశాను. చిన్నది మెట్ల వైపు చూసింది. అల్లుడు తన కట్టు సర్దుకుంటున్నాడు.

మిషను ఆగింది. మా కోడలు మెడలో టేపు అలాగే ఉండగా లోపలికి వచ్చి, మొగుడి చేతిలోంచి ఆ గుడ్డ తీసుకుంది. కుట్టు చూసింది. బొటనవేలు బొత్తాం మీదికి వెళ్ళి ఆగిపోయింది. తాను వేసిన బొత్తాం తనకి తెలియదా. ఒక్కసారి తలెత్తి అల్లుడి వంక చూసింది. తరవాత పెరట్లోకి, మెట్ల వైపు చూసింది. ఏం తెలుసో, ఎంత తెలుసో, ఎప్పటినుంచి తెలుసో ఆ ముఖంలో నాకు అందలేదు.

"మీదే," అంది మొగుడితో. "మీ పాత చొక్కా."

"నేను గళ్ళ చొక్కా ఎప్పుడు వేశాను?"

"వేశారు. మీకేం గుర్తుంటుంది, ఏ చొక్కా ఇస్తే అది తొడుక్కుని డిపోకి పోయే మనిషి."

మా అబ్బాయి నవ్వలేదు. ఆ గుడ్డ మళ్ళీ తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. పెద్ద బస్సు నడిపిన మనిషి, భుజాలు కిందికి జారిపోయాయి.

"అంటే నా మీదికే వచ్చిందన్నమాట," అన్నాడు. "కోటు లోపల పెట్టుకుని తెచ్చాను దాన్ని."

అమ్మా అంది చిన్నది. ఆ ఒక్క మాటే అంది. వాళ్ళమ్మ కూతురి వంక చూడలేదు. కొంపలో గొడవ రాకూడదని ఆవిడ ఒక చిన్న అబద్ధం తెచ్చి మధ్యలో పెట్టింది. అది పెట్టిన చోటే అందరి దారీ మూసుకుపోయింది.

"బాధపడకండి మామయ్యా. వయసు మీదపడ్డ జంతువు, ఎవరేమిటో దానికేం తెలుస్తుంది," అని అల్లుడు మామగారి భుజం మీద చెయ్యి వేశాడు.

"తీసుకెళ్ళమను," అన్నాడు మా అబ్బాయి.

పెరట్లో బండి అతను స్తంభం నుంచి గొలుసు విప్పాడు. బొగ్గు నేలకి కరుచుకుపోయింది. చెవులు వెనక్కి, తోక కడుపు కిందికి. చెయ్యి వేసినా మొరగలేదు, మెడ ఎత్తలేదు.

"మంచి కుక్కలా ఉందే," అన్నాడు అతను మా అందరికీ వినపడేలా. "కదలకుండా ఎంత నెమ్మదిగా ఉందో చూడండి."

చిన్నది చేతులతో ముఖం కప్పుకుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పెద్దది. ఎప్పటినుంచి అక్కడ నిలబడి వింటోందో. బండి అతన్ని ఒక్క నిమిషం ఆగమని చెప్పి, బొగ్గు గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చింది. మిగిలిన మాంసం ముక్కలు అందులో వేసింది. నెమ్మదిగా హాల్లోకి వచ్చి, ఆ గిన్నె తన మొగుడి పాదాల దగ్గర పెట్టింది.

"ఆ చొక్కా నాన్నది కాదు. మీది," అంది.

ఆయన చిరునవ్వు చెరిగిపోలేదు.

"ఆదివారం గిన్నె మీరే పెట్టానన్నారు. ఇప్పుడు పెట్టండి. అందరూ చూస్తారు."

"చెయ్యి బాగోలేదు కదా."

"రెండో చెయ్యి ఉంది."

గోడ గడియారం వినిపించింది. ఆ గడియారానికి చప్పుడుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆయన లేచాడు. గిన్నె ముట్టుకోలేదు. మెల్లగా దాన్ని దాటుకుని వెనక గుమ్మం వైపు నడిచాడు. పెద్దదాని పక్కన ఒక్క క్షణం ఆగి, "పైకి రా, మాట్లాడుకుందాం," అన్నాడు.

ఎంత మెత్తగా అన్నాడో చెప్పలేను. మాత్రలు ఎలా వేసుకోవాలో చెప్పినంత మెత్తగా. ఆ మెత్తదనం వినగానే పెద్దది బిగుసుకుపోవడం ఈసారి నేనూ చిన్నదీ మాత్రమే కాదు, మా అబ్బాయి కూడా చూశాడు.

మెట్లు ఎక్కాలంటే పెరట్లోంచి వెళ్ళాలి. పెరట్లో బొగ్గు లేచి నిలబడి ఉంది. గొలుసు స్తంభానికి లేదు, బండి అతని చేతిలో వదులుగా వేలాడుతోంది. గుమ్మంలో ఆయన అడుగు ఆగిపోయింది. వెనక్కి తిరిగితే మేమందరం ఉన్నాం.

మా అబ్బాయి కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. గళ్ళ గుడ్డ ఒళ్ళోంచి జారి కింద పడింది. దాన్ని చూడలేదు. అల్లుణ్ణీ చూడలేదు.

"పెద్దదానా, ఇటు రా," అన్నాడు. "ఇంత ఎండలో ఆ పొడుగు చేతులేమిటమ్మా. పైకి మడువు."

పెద్దది తండ్రి ముందుకి వచ్చి నిలబడింది. మణికట్టు దగ్గర బొత్తాం మీద వేలు పెట్టింది.

పెట్టి, అలాగే ఉండిపోయింది.